బెదురు పోటు

ఈదులంక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇరవై ఆరేళ్ళుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న దీనమ్మకి రక్తపోటు గురించి తెలిసింది చాలా తక్కువ. పోటు ఉన్న మనిషికి బిళ్ళ ఇవ్వాలి, ఆ మనిషి దాన్ని రోజూ మింగాలి, నెలకోసారి వచ్చి చెయ్యి చాపాలి. ఆవిడ శాస్త్రం అక్కడితో సరి. ఇంత చిన్న పనికి ఒక పథకం, ఆ పథకానికి ఒక పేరు, ఆ పేరు కింద ఒక గుండెకాయ బొమ్మ, బొమ్మ కింద ఒక నినాదం ఉండాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు జిల్లా కేంద్రంలో ఉన్నారు గాని, వాళ్ళకి అప్పటికింకా ఈదులంక దారి తెలియదు.

ఆవిడ పద్ధతి చూసేవాళ్ళకి విసుగు పుట్టించేది. వచ్చినవాళ్ళని వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు నేల మీద పెట్టించి, చెయ్యి బల్ల మీద చాపించి, అయిదు నిమిషాలు మాట్లాడొద్దనేది. లంకలో జనానికి బిళ్ళ మింగడం కన్నా ఈ అయిదు నిమిషాలు నోరు మూసుకోవడం కష్టంగా ఉండేది. తరవాత జబ్బకి మిషను పట్టీ చుట్టి రెండుసార్లు చూసి, ఎంతుంటే అంత పుస్తకంలో రాసి, నూట నలభై దాటితే ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టేది. ఆ నెల ఎవరైనా రాకపోతే మూడో రోజుకల్లా రేవులో పడవ నడిపే మనిషి చేత కబురు పంపేది. అలా రెండేళ్ళలో, పుస్తకంలో ఉన్న ఆరువందల పన్నెండు మందిలో మొదట నూటికి ఇరవై రెండు మందికే అదుపులో ఉన్న పోటు నలభై ఒక్క మందికి అదుపులోకి వచ్చింది. ఈ లెక్క ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

ఆ పుస్తకంలో ఆవిడని అందరికన్నా ఎక్కువగా భయపెట్టిన పేరు బుల్లబ్బాయిది. కల్లుగీత అతని వృత్తి. యాభై రెండేళ్ళ మనిషి, పొద్దున పన్నెండు, సాయంత్రం పన్నెండు తాడిచెట్లు ఎక్కి దిగుతాడు. మొదటిసారి తలనొప్పి బిళ్ళ కోసం వచ్చినప్పుడు చూస్తే రెండువందలు ఉంది. రెండువందల పోటుతో అరవై అడుగుల ఎత్తున కూర్చునే మనిషిని ఆవిడ అప్పటిదాకా చూడలేదు. అతని అన్న అంతకు మూడేళ్ళ ముందు చెట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయాడు. అప్పటినుంచీ బుల్లబ్బాయి భార్య మంగాయమ్మ, మొగుడు ఎక్కే ప్రతి చెట్టు కిందా నిలబడి పైకి చూడడం ఒక పనిగా పెట్టుకుంది. ఆ చూపు వల్ల ఉపయోగం ఏమీ లేదని ఆవిడకీ తెలుసు.

బుల్లబ్బాయికి బిళ్ళ ఇస్తే మర్చిపోయేవాడు. ఇతను మర్చిపోనిది ఏమైనా ఉందా అని దీనమ్మ ఆలోచించింది. గీత పనివాడు అన్నం మర్చిపోతాడేమో గాని, నడుముకీ చెట్టుకీ కలిపి బిగించే మోకు మర్చిపోడు. అందుకని బిళ్ళల రేకుని ఆ మోకు ముడిలో కట్టించింది. బిళ్ళ వేసుకోకుండా మోకు బిగించనని మంగాయమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అయిదు నెలల్లో రెండువందలు కాస్తా నూట నలభై ఎనిమిదికి దిగింది. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే ఎర్ర సున్న పోతుందని ఆవిడ ఆశ.

సరిగ్గా అప్పుడు జిల్లా రక్తపోటు నియంత్రణ సమన్వయాధికారి త్రివిక్రమరావుగారు రాజధానిలో మూడు రోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు.

ఆ సదస్సులో ఒక పెద్ద డాక్టరు, కొందరు రోగులకి తెల్లకోటు చూడగానే బెదురుతో పోటు కాస్త పెరుగుతుందని చెప్పాడు. అది నిజమే. అలాంటివాళ్ళకి ఇంటి దగ్గర మళ్ళీ మళ్ళీ చూసి నిర్ధారించుకోవాలని, అసలు పోటు ఉన్నవాళ్ళకి మాత్రం బిళ్ళ ఆపకూడదని కూడా చెప్పాడు. అదీ నిజమే. కాకపోతే మొదటి మాటకీ రెండో మాటకీ మధ్య భోజనాల పిలుపు వచ్చింది. త్రివిక్రమరావుగారు భోజనం చేసి తిరిగొచ్చేసరికి రెండో మాట అయిపోయింది. ఆయన మొదటి మాట ఒక్కటే సంచీలో వేసుకుని జిల్లాకి తెచ్చారు.

వారం తిరక్కుండా "ప్రశాంత ధమని" పథకం పుట్టింది, దాని మొదటి సర్క్యులరు ఈదులంక చేరింది. "రోగులయందు రక్తపోటు అధికమగుటకు వైద్య సిబ్బంది ధరించు శ్వేతవస్త్రములే మూలకారణమని నిపుణులు నిర్ధారించియున్నందున, ఇందుమూలముగా యావన్మంది సిబ్బందియు తక్షణమే ఆహ్లాదకర వర్ణములు ధరించవలెను. ఉల్లంఘించినచో శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును" అని అందులో ఉంది. మెడికల్ ఆఫీసరు హరనాథ్ కుర్రవాడు, పై చదువు పరీక్షకి తయారవుతున్నాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోవడం ఇష్టం లేనివాడు. అతను పొద్దుతిరుగుడు పువ్వుల చొక్కా వేసుకొచ్చాడు. దీనమ్మ చిలకపచ్చ చీర కట్టింది. దగ్గుకి వచ్చిన ఒక ముసలావిడ పెళ్ళి ఎవరిదని అడిగి, చెప్పకపోయేసరికి నొచ్చుకుని వెళ్ళింది.

ఆ నెల జిల్లా సగటు పోటు రెండు అంకెలు తగ్గింది. ఎండలు ముదిరితే ఎవరికైనా పోటు కాస్త తగ్గడం దీనమ్మ ఏటా చూసేదే. త్రివిక్రమరావుగారికి మాత్రం అది రంగుల ప్రభావంగా తోచింది. సమీక్షా సమావేశంలో ఆయన ఆ రెండు అంకెలనీ తెర మీద రెండు నిమిషాలు నిలిపి ఉంచి, అందరూ చూశారని రూఢి చేసుకున్నాకే తరవాతి బొమ్మకి వెళ్ళారు.

కోటు తీసేస్తేనే రెండు తగ్గితే, కోటు లోపలి మనిషిని తీసేస్తే ఎంత తగ్గుతుందన్నది ఆయనకి తట్టిన రెండో ఆలోచన. ఆ తర్కానికి అడ్డు చెప్పగలవాడు జిల్లాలో లేడు. రెండో సర్క్యులరు ప్రకారం వైద్యుడు రోగి కంటపడరాదు. హరనాథ్ గదికి అడ్డంగా పూల తెర కట్టారు. రోగి తెరకేసి బాధ చెప్పుకుంటే, తెర కిందనుంచి ఒక చెయ్యి వచ్చి చీటీ మీద సంతకం పెట్టి లోపలికి పోయేది. హరనాథ్‌కి చదువుకోవడానికి అంతకన్నా మంచి ఏర్పాటు ఆ ఉద్యోగంలో ఎప్పుడూ దొరకలేదు. ఆ చేతికి కొందరు దణ్ణం కూడా పెట్టేవారు.

ఇంతవరకూ దీనమ్మ నవ్వుకుంది. మూడో సర్క్యులరుతో ఆవిడ నవ్వు ఆగిపోయింది.

మూడోది ఫోనులో వచ్చింది, కొత్త యాప్ రూపంలో. పోటు ఎంతుందో అందులో కొట్టగానే రెండు గడులు కనిపిస్తాయి. నూట నలభై లోపు ఉంటే ఆకుపచ్చ గడి వెలిగి "అదుపులో ఉన్నది" అంటుంది. దాటితే పసుపు గడి వెలిగి "బెదురు పోటు" అంటుంది. మూడో గడి లేదు. ఉండాల్సిన అవసరం ఏమిటని త్రివిక్రమరావుగారు సమావేశంలో వివరించారు. కోటు పోయింది, డాక్టరు పోయాడు, అయినా పోటు ఎక్కువుందంటే అది రోగి మనసులో మిగిలిపోయిన బెదురే అయి ఉండాలి. బెదిరినవాళ్ళకి కావలసింది ధైర్యం గాని ఔషధం కాదు. కాబట్టి బెదురు పోటు వాళ్ళకి బిళ్ళలు ఇవ్వరాదు. ఇక అదుపులో ఉన్నవాళ్ళకి అదుపులోనే ఉంది గనక బిళ్ళలతో పనేముంది? ఈ విధంగా జిల్లా మొత్తానికి కావలసిన బిళ్ళల సంఖ్య సున్నా అని తేలింది. దీనమ్మ ఆరువందల పన్నెండు మందికి బిళ్ళలు కావాలని పంపిన ఇండెంటు కాగితం "అవసరము కనబడలేదు" అన్న ముద్రతో తిరిగొచ్చింది. ఆవిడ దాన్ని మడిచి చేతిసంచీలో పెట్టుకుంది.

ఆవిడకి సమావేశాల్లో మాట్లాడే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం లేచి నిలబడి, బెదిరితే పదో పదిహేనో పెరుగుతుంది గాని యాభై, అరవై ఎలా పెరుగుతుందని అడిగింది.

"అది బెదురు తీవ్రతమ్మా," అన్నారు త్రివిక్రమరావుగారు, ఎంతో ఓపికగా. "మీ ఈదులంకలో బెదురు తీవ్రత అధికంగా ఉన్నట్టు నా దృష్టికి వచ్చింది. క్షేత్రస్థాయిలో మీరు చిరునవ్వు పెంచాలి."

తక్కిన నర్సులు ఆవిడ చీర కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ నెలాఖరుకి జిల్లాలో నూటికి తొంభై ఏడు మందికి పోటు అదుపులో ఉన్నట్టు పత్రికా ప్రకటన వెలువడింది. బెదురు పోటు అసలు పోటు కాదు కనక దాన్నీ అదుపులో ఉన్నట్టే లెక్కించారు. మిగతా ముగ్గురూ ఎవరో, ఏ పాపం చేశారో ప్రకటనలో రాయలేదు.

బుల్లబ్బాయి ఆ మంగళవారం తన వంతుకి వచ్చాడు. మోకులో కట్టిన రేకు ఖాళీ అయి పది రోజులు దాటింది. దీనమ్మ కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు ఆగి, రెండుసార్లు చూసింది. నూట డెబ్భై ఎనిమిది. యాప్‌లో కొట్టగానే పసుపు గడి వెలిగింది. ఆ గడి ఏమంటోందని అతను అడిగితే ఆవిడ దాచలేదు.

బుల్లబ్బాయికి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. నెత్తిన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "బెదురేంటండీ నర్సమ్మగోరూ? పదమూడో ఏట తాడెక్కానండి నేను. మా అన్న పడిపోయిన చెట్టే మర్నాడు పొద్దున్నే ఎక్కి గీసొచ్చానండి. ఈ గుడ్డపట్టీకి బెదిరానంటే మా పేటలో తలెత్తుకు తిరగ్గల్నా అండి?"

బెదిరావని అన్నది ఫోనేనని, తను కాదని ఆవిడ చెప్పింది. బిళ్ళలు రావడం లేదన్న సంగతీ చెప్పింది. పట్నం వెళ్ళి కొనుక్కోమని ఆవిడ అంది గాని, అతను అప్పటికే బాగా కోపంలో ఉన్నాడు. బెదురుకి బిళ్ళలు కొనుక్కునే ఖర్మ తనకి పట్టలేదని విసురుగా వెళ్ళిపోయాడు. అవమానం రోగాన్ని కాదు, ముందు మందునే మాన్పిస్తుందని దీనమ్మకి ఆ రోజు తెలిసింది. తరవాతి మంగళవారం మంగాయమ్మ బలవంతాన లాక్కొస్తే నూట ఎనభై నాలుగు, ఆ పై మంగళవారం నూట తొంభై. పాత పుస్తకంలో ఆవిడ ఎర్ర సున్నలు చుడుతూనే ఉంది. ఆవిడకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది.

జిల్లా ఆఫీసులో మాత్రం ఆ నూట తొంభై వేరే రకంగా కలవరం రేపింది. జిల్లా అంతటా అంత పసుపు ఇంకెక్కడా లేదు. రాజధానినుంచి బహుమతి రాబోతున్న సమయంలో ఒక్క మనిషి ఇంతగా బెదరడం పథకానికే మచ్చ అని త్రివిక్రమరావుగారు భావించారు. ఆయన వెంటనే నాలుగో సర్క్యులరు రాశారు. ఆసుపత్రి గోడలు, బెంచీలు, మందుల వాసన కూడా బెదురుకి కారణాలే కనక, ఇకమీదట రోగిని "అతడు నిత్యము నిర్భయముగ సంచరించు సహజ పరిసరములయందు" కొలవాలి. దీని తొలి ప్రదర్శన ఈదులంకలోనే, బుల్లబ్బాయి మీదే.

ఏర్పాట్లు చూడడానికి ఆయన స్వయంగా ఆరోగ్య కేంద్రానికి వచ్చి, ఈ బుల్లబ్బాయి అనే వ్యక్తి ఎక్కడ నిర్భయంగా ఉంటాడని అడిగారు. దీనమ్మ ఏమీ అనకముందే తెర వెనకనుంచి హరనాథ్ గొంతు వినిపించింది.

"చెట్టు మీద సార్," అంది ఆ గొంతు. అతను వేళాకోళానికే అన్నాడో, పుస్తకం మీద ధ్యాసలో నిజమే చెప్పాడో తెలియదు గాని, సారు డైరీ తీసి రాసుకున్నారు.

ప్రదర్శన రోజు పొద్దున ఎనిమిదిన్నరకి కాలవగట్టున పెద్ద తాడిచెట్టు కింద షామియానా లేచింది. చెట్టు మానుకి గుండెకాయ బొమ్మతో బ్యానరు కట్టారు. పేట జనమంతా వచ్చారు. కలెక్టరాఫీసు ప్రతినిధి, ఫోటోగ్రాఫరు వచ్చారు. దీనమ్మ బుల్లబ్బాయిని పక్కకి పిలిచి ఎక్కవద్దని చెప్పింది. బ్యానరు ఉన్నా లేకపోయినా ఆ చెట్టు ఈ వేళ గియ్యాల్సిందేనని, గియ్యకపోతే కల్లు కారే గెల ఎండిపోతుందని అతనన్నాడు. పైగా తను బెదరలేదని నలుగురిలో రుజువు చేసే అవకాశం ఇన్నాళ్ళకి వచ్చింది. మోకు బిగించి చకచకా ఎక్కిపోయాడు. మంగాయమ్మ ఎప్పటిలాగే మాను పక్కన నిలబడి తల పైకెత్తింది.

బుల్లబ్బాయి మట్టల మధ్య కుదురుగా కూర్చుని తాడు వదిలాడు. దానికి కట్టిన కల్లుకుండలో పోటు చూసే మిషను పెట్టి పంపారు. పట్టీ ఎలా చుట్టుకోవాలో, ఏ బొత్తం నొక్కాలో అతనికి దీనమ్మ ముందే నేర్పింది. కాసేపటికి పైనుంచి అంకె వినిపించింది, నూట తొంభై రెండు. జనం కొందరు చప్పట్లు కొట్టారు, అది ఎక్కువో తక్కువో తెలియక.

త్రివిక్రమరావుగారు క్షణం ఆలోచించి, అతను పైనుంచి సిబ్బందిని చూస్తున్నాడని, అందుకే ఎక్కువ వచ్చిందని తేల్చారు. అందరూ చెట్టుకి వీపు తిప్పాలని ఆదేశించారు. కలెక్టరాఫీసు ప్రతినిధితో సహా అందరూ కాలవకేసి తిరిగి నిలబడ్డారు. మంగాయమ్మ ఒక్కతే తిరగలేదు. రెండోసారి నూట తొంభై ఆరు వచ్చింది. కళ్ళు మూసుకుని నొక్కమన్నారు. మూడోసారి నూట తొంభై ఎనిమిది.

తలనొప్పి ఉందా అని దీనమ్మ కింద నుంచి అడిగింది. తలనొప్పి రోజూ ఉండేదేనని, మిగతా అంతా బాగానే ఉందని అతను జవాబిచ్చాడు. మిషను కుండలో పెట్టి కిందకి దింపేసి, ఎక్కిన పని చూసుకోవడానికి కత్తి తీశాడు.

"విన్నారుగా, బాగానే ఉన్నాడు," అన్నారు త్రివిక్రమరావుగారు. "బెదురు అని నమోదు చేయండి."

మంగాయమ్మ తల దించి మొదటిసారి ఆయనకేసి చూసింది. "మా బావగారూ ఇలాగే బాగున్నారండి," అంది మెల్లగా. "పైనున్నంతసేపూ."

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. ఇరవై ఆరేళ్ళలో ఇంత చేతకానితనం దీనమ్మ ఎన్నడూ అనుభవించలేదు.

అప్పుడు సారు డ్రైవరు కారు దగ్గర్నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో బిళ్ళల రేకు.

"తొమ్మిదైందండి. తమరి బిళ్ళ వేళ," అన్నాడు.

దీనమ్మ ఆ రేకుని చూసింది. ఎర్ర రేకు, తెల్ల బిళ్ళలు. రెండు నెలల కిందటి దాకా బుల్లబ్బాయి మోకులో కట్టిన మందే, అంతే మోతాదు. సారుకి ఎన్నాళ్ళనుంచి ఉందని డ్రైవర్ని అడిగితే, పదకొండేళ్ళుగా ఒక్క పూట కూడా తప్పలేదని అతను గర్వంగా చెప్పాడు.

"తమరు కూడా బెదురుతారాండీ?" అని అడిగింది దీనమ్మ. ఆవిడ గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగింది.

త్రివిక్రమరావుగారు రేకునీ సీసానీ బల్ల మీద పెట్టారు, రెండు చేతులతో వివరించాల్సిన విషయం కాబట్టి. "ఇది వేరమ్మా. నాది బెదురు కాదు, బాధ్యతల వల్ల వచ్చింది. పై స్థాయి పోటు వేరు, క్షేత్రస్థాయి పోటు వేరు. ఈ వ్యత్యాసాన్ని మీరు గ్రహించాలి." అని ఆయన ఆ వ్యత్యాసాన్ని కలెక్టరాఫీసు ప్రతినిధికి కూడా గ్రహింపజేయడానికి అటు తిరిగారు.

ఆయన ఇటు తిరిగేసరికి బల్ల మీద రేకు లేదు, నీళ్ళ సీసా కూడా లేదు. కల్లుకుండ చెట్టుకి సగం ఎత్తు దాటి పైకి పోతోంది. బుల్లబ్బాయి కుండ అందుకుని, రేకు చూసి పోల్చుకున్నాడు. నర్సమ్మగోరు చెప్పినట్టే ఒక బిళ్ళ మింగి నీళ్ళు తాగి, మిగతా రేకుని మోకు ముడిలో కట్టేసుకున్నాడు. కింద ఉన్న మంగాయమ్మ అతని చేతుల కదలికని బట్టే అదంతా గ్రహించి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

త్రివిక్రమరావుగారికి సంగతి అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహం తాటిముంజ రంగుకి వచ్చి, అక్కణ్ణుంచి ఎర్రగా మారింది. తన మందు తక్షణమే దింపించమని అన్నారు. తనకి తల దిమ్ముగా ఉందని, చెవుల్లో హోరుమంటోందని చెప్పారు.

దీనమ్మ ఆయన్ని వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టింది. కాళ్ళు నేల మీద పెట్టించింది. చెయ్యి బల్ల మీద చాపించి పట్టీ చుట్టి, అయిదు నిమిషాలు మాట్లాడొద్దంది. ఆయన రెండుసార్లు నోరు తెరిచారు, ఆవిడ రెండుసార్లూ గడియారం చూసి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. చివరికి నిబంధన ప్రకారం ఆవిడ రెండుసార్లు చూసింది. నూట ఎనభై నాలుగు. యాప్ తెరిచి ఆయన పేరు, వయసు, అంకె కొట్టింది. పసుపు గడి వెలిగింది. ఫోను ఆయనకే చూపించింది.

"బిళ్ళ ఇచ్చేద్దునండి," అంది. "కానీ బెదిరినవాళ్ళకి ఇవ్వకూడదని తమరి ఆర్డరే ఉంది. నా ఉద్యోగం పోతుందండి."

ఆయన గడికేసి చూశారు. జనంకేసి చూశారు. తెల్లకోటు ఎక్కడా లేదు. డాక్టరు ఆసుపత్రిలో తెర వెనకాలే ఉండిపోయాడు. చుట్టూ గాలి, కాలవ, చిలకపచ్చ చీర. బెదరడానికి ఏ కారణమూ లేకుండా ఆయన తన పథకంలో తానే కూర్చుని ఉన్నారు.

ఆవిడ చేతిసంచీలోంచి ఒక కాగితం తీసి మడతలు విప్పి, చేత్తో సాపు చేసి బల్ల మీద పెట్టింది. రెండు నెలల కిందట తిరిగొచ్చిన ఇండెంటు, ఆరువందల పన్నెండు మందికి నెలనెలా బిళ్ళలు. "అవసరము కనబడలేదు" అన్న ముద్ర కింద ఖాళీ చాలా ఉంది. అవసరం ఇప్పుడు కనబడినట్టు రాసి సంతకం చేస్తే రూలు మారుతుందని, రూలు మారితే తను మందు ఇవ్వొచ్చని నెమ్మదిగా చెప్పింది.

ఈలోగా బుల్లబ్బాయి కుండని దించడం మొదలుపెట్టాడు. అది చెట్టు సగానికి వచ్చి ఆగింది. అధికారుల మాటలు పూర్తయ్యేదాకా ఆగడం మర్యాద అని అతననుకున్నాడు.

"నర్సమ్మగోరూ, దించమంటారా, ఉంచమంటారా?" అని పైనుంచి అడిగాడు.

"ఉంచు బుల్లబ్బాయ్," అంది దీనమ్మ తల ఎత్తకుండా. "సారుగారు రాస్తున్నారు."

త్రివిక్రమరావుగారు నిజంగానే రాస్తున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన కలంనుంచి వెలువడిన అతి చిన్న ఉత్తర్వు అది. "నూట నలభై దాటిన ప్రతివారికీ మందు ఇవ్వవలెను." ఇందుమూలముగా లేదు, తక్షణమే లేదు, ఉల్లంఘన లేదు. సంతకం, తేదీ వేశాక దీనమ్మ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని పైకి సైగ చేసింది. కుండ దిగింది. అందులో సారు నీళ్ళ సీసా, పక్కన రేకునుంచి తుంపిన ఒకే ఒక్క బిళ్ళ ఉన్నాయి.

"మిగతావి మోకులో కట్టేసుకున్నానండి సారూ," అని బుల్లబ్బాయి పైనుంచి వివరించాడు. "తమరు బెదరకండి. రేపటికి పట్నంలో దొరుకుతాయి."

ఆయన బిళ్ళ మింగుతుండగా ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఫోటో తీశాడు. "ప్రశాంత ధమని" చివరి ప్రకటనలో ఆ ఫోటోయే పడింది. సహజ పరిసరాల్లో ప్రదర్శన విజయవంతమైందని, పాల్గొన్నవారిలో ఒకరు అక్కడికక్కడే గణనీయమైన ఊరట పొందారని కింద రాశారు.

బిళ్ళలు పన్నెండు రోజులకి వచ్చాయి. పసుపు గడి తీసేయడంతో ఈదులంక లెక్కలోనూ అదుపు తొంభై ఏడునుంచి ఒక్కసారిగా ముప్ఫై మూడుకి పడిపోయింది. ఇంతటి పతనానికి కారణాలు తెలపాలని దీనమ్మకి మెమో వచ్చింది. ఆవిడ జవాబుగా ఇండెంటు నకలు జతపరిచి, కారణం దగ్గర "నిజం" అని ఒక్క మాట రాసి పంపింది. దాని మీద ఇంతవరకూ ఏ చర్యా రాలేదు. బుల్లబ్బాయి మోకులో మళ్ళీ రేకు చేరింది. నాలుగు నెలలకి నూట ముప్ఫై ఎనిమిది వచ్చిన రోజున, ఆవిడ సున్న చుట్టకుండా ఎర్ర పెన్సిలు పక్కన పెట్టింది. మంగాయమ్మ ఇప్పటికీ చెట్ల కింద నిలబడుతుంది గాని, ఈమధ్య అప్పుడప్పుడు కూర్చుంటోందట కూడా.

పాత పుస్తకంలో ఆరువందల పదమూడో పేరు త్రివిక్రమరావుగారిది. నెలకోసారి, తన వంతు రోజున, కారు దూరంగా ఆపి వస్తారు. దీనమ్మ ఆయన్ని వీపు ఆనే కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు నేల మీద పెట్టించి, అయిదు నిమిషాలు మాట్లాడొద్దంటుంది. ఆ అయిదు నిమిషాలూ జిల్లా అంతా ప్రశాంతంగా ఉంటుంది.